చామంతిలో కొత్త రంగు నర్సరీలో కొనేది కాదు, మన గట్టు మీద పుట్టించుకునేది



పోయిన నెల పెట్టిన చామంతి వీడియో చూసి ఫోన్ చేసిన వాళ్ళలో సగానికి పైగా అడిగింది ఒకటే ప్రశ్న. జీవామృతం ఎన్ని రోజులకోసారి పారిస్తున్నారని కాదు, పేనుబంకకి ఏం కొట్టారని కాదు. "వెనకాల గట్టు పక్కన రాగి రంగులో ఒక వరస కనిపిస్తోంది కదా, ఆ నారు ఏ నర్సరీలో దొరుకుతుంది?" అని.

ఏ నర్సరీలోనూ దొరకదండీ. అది గింజ నుంచి లేచిన మొక్క. మా పొలంలోనే పుట్టింది, ఇంకా పేరు కూడా పెట్టలేదు. ఈ మాట చెప్పగానే అవతలి వాళ్ళు రెండు క్షణాలు ఆగి, "చామంతికి గింజ వస్తుందా?" అంటున్నారు. చామంతి రైతుల నోటి నుంచే ఈ ప్రశ్న వస్తోందంటే మనం ఎక్కడున్నామో ఆలోచించండి. వరిలో దేశీ విత్తనం కాపాడుకోవాలని సభలు పెట్టుకుంటాం. కంది, జొన్న, కొర్ర గింజలు సంచుల్లో కట్టి ఒకరికొకరు పంచుకుంటాం. పూల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతి ఏడూ ప్రోట్రేలు మోసుకొస్తాం. ఎందుకంటే "కొత్త రంగు" అక్కడే ఉంటుందనుకుంటాం కాబట్టి. ప్రకృతి వ్యవసాయంలో ఉన్నవాళ్ళు చామంతి రంగుల కోసం నర్సరీ మీద ఆధారపడటం మానుకోవచ్చు, మానుకోవాలి కూడా అన్నది నా అభిప్రాయం. ఎందుకో, ఎలాగో చెబుతాను.

ముందు కొన్న మొక్కల సంగతి చూద్దాం. ఈ మధ్య వస్తున్న కొత్త రంగులు చాలావరకు పాలీహౌస్ కోసం ఎంపిక చేసినవి. అక్కడ వేడి అదుపులో ఉంటుంది, వెలుతురు అదుపులో ఉంటుంది, వారానికో మందు పడుతుంది. ఆ ఎంపిక చేసిన మనిషి చూసింది రంగు, కాడ పొడవు, పువ్వు సైజు. తామర పురుగు వస్తే మొక్క తట్టుకుంటుందా, వానాకాలంలో ఆకుమచ్చ తెగులు వస్తే కింది ఆకులన్నీ రాల్చేస్తుందా అన్నది ఆయనకి అక్కర్లేని విషయం, మందు ఉంది కాబట్టి. అదే మొక్కని తెచ్చి మన చేలో పెట్టి, నీమాస్త్రం, పుల్ల మజ్జిగ పోసి కాపాడమంటే అది ఎక్కడ నిలబడుతుంది? తర్వాత మనమే "ప్రకృతి పద్ధతిలో చామంతి రాదు" అని చెప్పుకుంటాం. పద్ధతిది కాదు లోపం, ఆ మొక్కని ఎంపిక చేసిన చోటు వేరు.

రంగు విషయంలో ఇంకో చిక్కు ఉంది. చామంతిలో గులాబీ, ఊదా, ఎరుపు ఛాయలన్నీ ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం వల్ల వస్తాయి. మొగ్గ విచ్చుకునే సమయంలో వేడి ఎక్కువైతే ఇది సరిగ్గా తయారవదు. చల్లటి చోట ముదురు గులాబీగా ఉన్న పువ్వు మన దగ్గర అక్టోబర్ ఎండల్లో పూస్తే వెలిసిపోయిన చీరలా ఉంటుంది. నర్సరీ వాడు ఫోటో చూపించి మోసం చేశాడని తిట్టుకుంటాం గానీ ఆ ఫోటో నిజమైనదే కావచ్చు. తీసిన ఊరు వేరు, అంతే. మన ఎండలో నిలిచే రంగు మన ఎండలోనే ఏరుకోవాలి. వేరే దారి నాకైతే కనబడలేదు.

ఇక్కడ మన వాళ్ళలోనే కొందరితో నాకు పేచీ ఉంది. "కొత్త రంగుల వెంట పడటం మార్కెట్ పిచ్చి, మనం నాటు చామంతికే కట్టుబడాలి" అంటారు. వినడానికి బాగుంది. కానీ నాటు చామంతి అంటే ఏంటి? ఈ తోట చామంతి పుట్టిల్లు చైనా. వేల ఏళ్ళుగా అక్కడ పెంచారు, అక్కడి నుంచి జపాన్ వెళ్ళింది. 1789లో బ్లాంకార్ అనే ఫ్రెంచి వర్తకుడు చైనా నుంచి మూడు రంగుల మొక్కలు మార్సెయ్ రేవుకి తెస్తే ఒక్క ఊదా రంగుదే బతికింది. ఆ తర్వాత యూరప్ తోటల్లో ఇన్ని రంగులు ఎలా వచ్చాయి? గింజలు చల్లి ఏరుకున్నారు. జపాన్‌లో కుమమొటో ప్రాంతపు సమురాయ్ కుటుంబాలు ఇళ్ళల్లోనే హిగో చామంతులు అనే ప్రత్యేకమైన తరహాని తయారు చేసుకున్నాయి. ప్రయోగశాల లేదు, డిగ్రీ లేదు. మన అమ్మమ్మల పెరట్లో ఉన్న చిన్న పసుపు చామంతి కూడా ఎప్పుడో ఎవరో "ఇది బాగుంది" అని పిలక తీసి ఉంచితేనే మన దాకా వచ్చింది. కాబట్టి నాటు అంటే ఎక్కడ పుట్టిందని కాదు, ఎవరి చేతిలో ఏరబడిందని. ఆ ఏరే పని మనం ఆపేసి, పాత వాళ్ళు ఏరినదాన్ని పూజించడం మాత్రమే చేస్తే అది సంప్రదాయం అనిపించుకోదు.

సరే, రంగు ఎలా పుడుతుందో కొంచెం అర్థం చేసుకుంటే పని సగం తేలికవుతుంది. ఇంటి గోడకి వేసే రంగులనుకోండి. చామంతి రేకుకి రెండు పూతలు. మొదటిది పసుపు పూత, కెరోటినాయిడ్లది, క్యారెట్‌కి రంగునిచ్చే కుటుంబమే. రెండోది గులాబీ-ఊదా పూత, ఇందాక చెప్పిన ఆంథోసయనిన్. పసుపు ఒక్కటే ఉంటే పసుపు పువ్వు. గులాబీ ఒక్కటే ఉంటే గులాబీ, ఊదా. పసుపు మీద గులాబీ పడితే రాగి రంగు, ఇటుక రంగు, ఎరుపు. రెండూ లేకపోతే తెలుపు. ఆకుపచ్చ చామంతిలో రేకులోని పత్రహరితం పోకుండా మిగిలిపోతుంది, అదొక్కటే ఈ లెక్కకి కొంచెం బయట.

తెలుపు గురించి ఒక ఆసక్తికరమైన సంగతి. తెల్ల చామంతికి పసుపు తయారు చేయడం రాక కాదు, తయారైన పసుపుని తుంచేసే ఎంజైమ్ ఒకటి దాని రేకుల్లో ఉంటుంది. 2006లో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని బయటపెట్టారు. ఆ ఎంజైమ్ జన్యువు ఎక్కడైనా పాడైతే లోపల దాగిన పసుపు బయటపడుతుంది. తెల్ల చామంతి మడిలో ఒక్క కొమ్మకి పసుపు పూలు పూయడం మీలో చాలామంది చూసే ఉంటారు. "పిలకలు కలిసిపోయాయి" అని పీకేసి ఉంటారు కూడా. కలిసిపోలేదండీ. అదే కొత్త రకం.

నీలం మాత్రం ఎంత ఏరినా రాదు. నీలానికి కావాల్సిన డెల్ఫినిడిన్ అనే పదార్థం తయారు చేసే జన్యువు చామంతి జాతిలోనే లేదు. 2017లో జపాన్ జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ, సంటోరీ కంపెనీ కలిసి నీలం చామంతి చేశారు. గంట పూల మొక్క నుంచి ఒక జన్యువు, ఇంకొకటి ఎక్కడి నుంచో తెలుసా? మన శంఖుపువ్వు నుంచి. కంచె మీద పాకే శంఖుపువ్వే. అది జన్యుమార్పిడి మొక్క, మన దారి కాదు. నీలం కావాలంటే కంచెకి శంఖుపూల తీగ పెట్టుకోండి, చామంతిని వదిలేయండి. బజారులో అక్కడక్కడా కనిపించే నీలం చామంతులైతే తెల్ల పూలకి రంగు నీళ్ళు పట్టించినవి. వాటి పిలకలు ఉన్నాయని ఎవరైనా అమ్మచూపితే నవ్వి పంపించేయండి.

కొత్త రంగుకి రెండు దారులున్నాయి. ఒకటి ఎదురుచూసేది, ఒకటి మనం చేసేది.

ఎదురుచూసేది కొమ్మ మార్పు. ఒక మొక్కలో ఒక కొమ్మ మాత్రం వేరే రంగు పూస్తుంది. ఏ రంగు నుంచైనా రావచ్చు గానీ గులాబీ రకాల్లో ఇది ఎక్కువ, వాటి నుంచి తెలుపు, పసుపు, రాగి రకరకాలుగా విడిపోతాయి. పసుపు రకాలు చాలా మొండివి, త్వరగా మారవు. ఇక్కడ అందరూ తడబడేది ఒకచోట. కొమ్మకి గుర్తు కట్టి, పూలు అయిపోయాక ఆ మొక్క మొదట్లో వచ్చిన పిలకలు తీసి నాటుతారు. మళ్ళీ పాత రంగే పూస్తుంది. కారణం ఏంటంటే, మార్పు జరిగింది పైన ఆ కొమ్మలోని కణాల్లో. మొదలుకి దానితో సంబంధం లేదు. ఆ కొమ్మ మీది కణుపుల నుంచి వచ్చిన చిగురునే తీసుకోవాలి.

చిగురు ఎలా తెప్పించాలి? నవంబర్, డిసెంబర్‌లో పగలు పొట్టి, రాత్రి పొడుగు. ఆ రోజుల్లో చామంతికి ఏ చిగురు వచ్చినా వెంటనే మొగ్గ తొడుగుతుంది, నాటడానికి పనికిరాదు. అందుకని ఆ కొమ్మ పూలన్నీ తీసేసి, నాలుగైదు ఆకులు ఉంచి పైన కత్తిరించి, ఆ ఒక్క మొక్క పైన బల్బు కట్టండి. రాత్రి పది నుంచి రెండు దాకా వెలిగితే చాలు. మధ్యరాత్రి వెలుతురు పడితే మొక్క పొడుగు రాత్రిని రెండు పొట్టి రాత్రులుగా లెక్కేసుకుంటుంది, మొగ్గ వేయదు, ఆకు చిగుర్లు వేస్తుంది. వీధి దీపం కింద ఉన్న చామంతి పూయదని ఊళ్ళో అంటుంటారు కదా, అదే సూత్రం. హోసూరు, చిక్కబళ్ళాపురం వైపు చేలల్లో రాత్రిళ్ళు బల్బులు వరసగా వెలుగుతుంటే చూసి ఏదో పండగనుకున్నాను మొదటిసారి. వాళ్ళు పూత తేదీ జరపడానికి వాడతారు, మనం ఒక కొమ్మని కాపాడటానికి వాడతాం. వీడియోలో ఐదో నిమిషం దగ్గర ఈ బల్బు కట్టిన మొక్కని చూపించాను.

అలా వచ్చిన చిగుర్లు నాటాక కూడా తొందరపడొద్దు. రేకు పైపొరలోనే రంగు మారి లోపలి పొర పాతదే అయి ఉండొచ్చు. అలాంటివి ఒక్కోసారి వెనక్కి తిరుగుతాయి. మూడు పంటలు అదే రంగు పూస్తేనే నమ్మండి.

మనం చేసేది గింజ దారి. నాకు ఇదే ఇష్టం. మొదట ఆ "గింజ రాదు" అన్న మాట సంగతి తేల్చాలి. చామంతి తన పుప్పొడిని తానే ఒప్పుకోదు. అంతే కాదు, ఎకరమంతా ఒకే రకం వేశారనుకోండి, అదంతా పిలకల నుంచి వచ్చినదే కాబట్టి ఎకరమంతా కలిపి నిజానికి ఒకే మొక్క. ఎన్ని తేనెటీగలు తిరిగినా గింజ కట్టదు. పైగా మనం పూలని ఎప్పటికప్పుడు కోసేస్తాం. ఇంక గింజ ఎవరు చూస్తారు? తరతరాలుగా రైతు చూడలేదు కాబట్టి రాదన్నారు.

రెండు మూడు రకాలు కలిపి వేసి, కొన్ని పూలు కోయకుండా వదిలేస్తే గింజ కడుతుంది. రంగుల లెక్క ఇందాక చెప్పినదే. గులాబీకి పసుపు కలిస్తే పిల్లల్లో కొన్నింట రెండు పూతలూ చేరి రాగి, ఎరుపు వస్తాయి. తెలుపుతో పసుపు కలిస్తే తెలుపుదే పైచేయి, ఆ తుంచే ఎంజైమ్ పిల్లలకి కూడా వస్తుంది కాబట్టి. రెండు పసుపులు కలిపి తెలుపు కోసం చూడటం దాదాపు దండగ. ఇది కచ్చితమైన ఎక్కం మాత్రం కాదు. మనుషుల్లో తల్లి నుంచి ఒక వంతు, తండ్రి నుంచి ఒక వంతు, మొత్తం రెండు వంతుల క్రోమోజోములు ఉంటాయి. చామంతిలో మామూలుగా ఆరు వంతులు, మొత్తం 54. అందుకే ఒకే పువ్వులోని గింజలు నాటినా ఒకటి తాతని పోలి, ఒకటి ఎవరినీ పోలకుండా పుడుతుంది. మనకి కావాల్సింది కూడా అదే.

పువ్వు నిర్మాణం తెలిస్తే కలపడం చేతిలో పని. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి గంపెడు చిన్న పూలు. చుట్టూ ఉండే ఒక్కో రేకూ ఒక ఆడ పువ్వు, దాని అడుగున నాలుక చీలినట్టు రెండు కొనలతో కీలాగ్రం ఉంటుంది. మధ్య పసుపు బొడ్డులోనివి ఆడా మగా రెండూ ఉన్నవి, పుప్పొడి అక్కడే దొరుకుతుంది. తల్లిగా అనుకున్న పువ్వు రేకులని కత్తెరతో పొట్టిగా కత్తిరిస్తే కీలాగ్రాలు బయటపడతాయి. తండ్రి పువ్వు బొడ్డు మీద మెత్తటి కుంచె తిప్పి, ఎండ ఎక్కాక వీటి మీద అద్దాలి. రేకులు లోపలినుంచి ఒకేసారి విచ్చుకోవు కాబట్టి మూడు రోజులకోసారి చొప్పున మూడు సార్లు అద్దండి. నిండా రేకులే ఉండే ముద్ద పూలలో బొడ్డు సరిగ్గా ఉండదు, వాటిని తల్లిగా వాడుకోండి, తండ్రిగా కొంచెం బొడ్డు కనిపించే రకం పెట్టుకోండి.

ఇంత ఓపిక లేని వాళ్ళకి ఇంకో మాట. మందు కొట్టని చేలో తేనెటీగలు ఈ పని మనకంటే బాగా చేస్తాయి. రసాయన సాగు చేసే పొలానికి లేని సౌకర్యం ఇది, మనకి ఊరికే వచ్చింది. ఇరవై మొక్కలు, రెండు మూడు రంగులు పక్కపక్కన గట్టు మీద పెట్టి పూలు కోయకుండా వదిలేయండి. తండ్రి ఎవరో తెలియదు, పోనివ్వండి. ఏరేది పిల్లల్ని చూసి కదా.

పువ్వు వాడాక గింజ ముదరడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. ఈలోపు మంచు, అకాల వాన తగిలితే తల కుళ్ళుతుంది. కార్తీకంలో మొదట పూసేవాటికంటే డిసెంబర్‌లో ఆలస్యంగా పూసేవి గింజకి మేలు, అవి ముదిరేసరికి ఆకాశం తేటగా ఉంటుంది. తల గోధుమ రంగుకి తిరిగి ఎండాక కాగితం కవర్లో కోసి నలపండి. గింజ చాలా చిన్నది, ఊదితే పోతుంది. జల్లెడ పట్టిన ఘనజీవామృతం, మట్టి, కొబ్బరి పొట్టు కలిపిన ట్రేలో ఫిబ్రవరిలో పైపైన చల్లి, పలచగా కప్పి, స్ప్రేతో తడపండి. వారం పది రోజుల్లో మొలుస్తాయి. ఎండాకాలమంతా నీడ కింద కాపాడి జూన్, జూలైలో మడికి మార్చండి. అదే ఏడు నవంబర్‌కి పూస్తాయి.

ఇక్కడే చామంతి మనకి చేసే పెద్ద ఉపకారం ఉంది. వరిలో రెండు రకాలు కలిపితే స్థిరపడటానికి ఆరేడు తరాలు ఏరుతూ కూర్చోవాలి. చామంతిలో నచ్చిన ఒక్క మొక్క దొరికితే చాలు, పిలకలు తీయడమే. ఆ మొక్క ఎంత కలగాపులగపు పుట్టుక అయినా పిలకలన్నీ దానిలాగే ఉంటాయి. రైతు స్థాయిలో రకం తయారు చేయడానికి ఇంతకంటే అనువైన పంట ఇంకోటి చెప్పండి చూద్దాం.

నిరాశపడకండని ముందే చెబుతున్నా. ఎక్కువ మొక్కలు పనికిరానివే. నాకు మొదటి ఏడు 160 దాకా పూశాయి. సగం ఒంటి రేకులవి, చాలా వాటి రంగు బురద. బట్టలు నానబెట్టిన నీళ్ళ రంగు ఊహించుకోండి, అదీ. ఐదు ఉంచాను. రెండో ఏడు ఆ ఐదులో రెండు మిగిలాయి. మిగతావన్నీ గేదె ముందు పడ్డాయి, అదీ పెద్ద ఇష్టంగా ఏం తినలేదు.

ఏరడంలో నా పద్ధతి చాలామందికి తలకిందులుగా అనిపిస్తుంది. రంగు అన్నిటికంటే చివర చూస్తాను. మొదట వానాకాలంలో ఆకు చూస్తాను, ఆకుమచ్చ మోకాలి దాకా ఎక్కిన మొక్కకి పూత రాకముందే సెలవు. పూసే నెలలో తామర పురుగు రేకుల్ని గీకిందా చూస్తాను. దశపర్ణి కషాయం కూడా ఈ గింజ మొక్కల మడికి కొట్టను. కొడితే ఏది గట్టిదో తెలియదు. ఆ తర్వాత పువ్వులు కోసి ఒక రాత్రి గంపలో ఉంచుతాను. మన పూలు కిలోల్లో, గంపల్లో, బస్సు పైనో ఆటోలోనో గుడిమల్కాపూర్ చేరాలి. పొద్దున్నకి రేకులు రాలితే రంగు ఎవరికి కావాలి? అది దాటినవాటిని మా ఆవిడ దండ కడుతుంది. కాడ దగ్గర దారం బిగిస్తే తెగిపోయేవి, రెండో రోజుకి నల్లబడేవి అక్కడ పోతాయి. ఆమె తీర్పుకి అప్పీలు లేదు. ఇవన్నీ దాటి నిలిచినవాటిలో అప్పుడు రంగు చూస్తాను. రాగి రంగుది అలా నిలిచింది. దానికంటే ఎంతో అందమైన, నిప్పు కణిక లాంటి ఎరుపు ఒకటి వచ్చింది, గంపలో రాత్రికే రేకులు విడిచింది. వదిలేశాను. ఇప్పటికీ మనసు పీకుతుంది, అది వేరే విషయం.

"రంగు చూసి కదా కొనేవాడు ధర పెట్టేది" అని మా ఊళ్ళో ఒక బావ వాదిస్తాడు. నిజమే, మొదటి రోజు. పండగ వారంలో కొత్త రంగు గంప దించగానే నలుగురు చుట్టూ చేరతారు. కానీ రెండోసారి ఫోన్ చేసి అడిగేది దండలు కట్టేవాళ్ళు. వాళ్ళకి పువ్వు నిలవాలి. పసుపు, తెలుపులకి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది, కొత్త రంగు ఎంత బాగున్నా గంపలో నాలుగో వంతు మించకుండా చూసుకోవడం మంచిదని నా లెక్క.

దొంగ రంగుల గురించి హెచ్చరించాలి. రంగు మారిన ప్రతి పువ్వూ కొత్త రకం కాదు. తెల్ల చామంతి చలికి, ముదిరేకొద్దీ రేకు అంచున గులాబీ తిరుగుతుంది, అది మామూలే. గులాబీది ఎండకి వెలుస్తుంది. అన్నిటికంటే ప్రమాదం ఏంటంటే, మొక్క గిడసబారి, పువ్వు చిన్నదై, రంగు పాలిపోయి "లేత గులాబీ కొత్త రకం" లాగా కనిపించడం. అది వైరాయిడ్ జబ్బు కావచ్చు. వైరస్ కంటే చిన్నది, మందు లేదు, పిలకల్లో, కత్తెర్లలో, చేతుల్లో పాకుతుంది. రంగు మారినా మొక్క మిగతావాటిలా ఏపుగా ఉంటే సంతోషించండి. పొట్టిగా ఉంటే పీకి కాల్చేయండి, అక్కడ మమకారం వద్దు. పిలకలు కోసేటప్పుడు ఒక తల్లి మొక్కకి ఒక బ్లేడు. రూపాయి బ్లేడు దగ్గర పొదుపు చేసి మడి పోగొట్టుకోవద్దు.

రేడియేషన్ రకాల గురించి కూడా అడుగుతుంటారు. లక్నోలోని జాతీయ వృక్ష పరిశోధన సంస్థ వాళ్ళు చామంతి కటింగులకి గామా కిరణాలు పెట్టి చాలా రంగులు రాబట్టారు. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ రకాలు కూడా మన రైతులు పండించారు. గామా కిరణాల పేరు వినగానే భయపడేవాళ్ళతో నేను ఏకీభవించను. ఎండలో తనంతట తాను జరిగే కొమ్మ మార్పునే అది తొందరపెడుతుంది, పువ్వులో కిరణాలేమీ మిగలవు. బయటి జన్యువుని తెచ్చి పెట్టడం వేరు, ఇది వేరు. అయితే మనకి దాని అవసరం లేదు. గింజలోనే కావాల్సినంత వైవిధ్యం ఉంది, తెరవకుండా కూర్చున్నాం.

చట్టం సంగతి చెప్పకుండా ఆపకూడదు. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001లో వచ్చింది. కొత్త రకం తయారు చేసిన రైతు శాస్త్రవేత్తతో సమానంగా దాన్ని తన పేరు మీద నమోదు చేసుకోవచ్చని అందులో ఉంది. రైతు దగ్గర ఫీజు తీసుకోకూడదని కూడా ఉంది. చామంతి లాంటి పంటకి నమోదైతే మొత్తం 15 ఏళ్ళు రక్షణ. రకం మిగతావాటి కంటే భిన్నంగా ఉండాలి, మొక్కలన్నీ ఒకేలా ఉండాలి, ఏళ్ళ తరబడి మారకుండా ఉండాలి. పిలకల పంట కాబట్టి రెండోదీ మూడోదీ మనకి కష్టం కాదు.

ఇదే చట్టం అవతలి వాళ్ళకీ వర్తిస్తుంది. వేరొకరు నమోదు చేసుకున్న రకంలో మీకు కొమ్మ మార్పు దొరికితే, రంగు వేరైనా దాన్ని ఆ రకం నుంచి వచ్చినదిగానే లెక్కేస్తారు, వ్యాపారంగా అమ్మాలంటే వాళ్ళ అనుమతి కావాలి. అదే రకాన్ని ఒక తల్లిగా పెట్టి వేరే దానితో కలిపి కొత్తది పుట్టించడానికి చట్టం అడ్డు చెప్పదు. నేను గింజ దారి వైపు మొగ్గడానికి ఇదొక కారణం. ఏ దారైనా నోటు పుస్తకం ఉంచండి. తల్లి ఏది, తండ్రి ఏది, ఎప్పుడు చల్లారు, ఎప్పుడు పూసింది, తేదీతో ఫోటో. రేపు మీ మొక్కని ఎవరో తీసుకెళ్ళి వేరే పేరుతో అమ్మితే మీ చేతిలో ఉండేది ఆ పుస్తకమే. ఇప్పటికే పెరటి మొక్కలు నర్సరీలకి వెళ్ళి పేరు మార్చుకుని మనకే తిరిగొస్తున్నాయి. ఒక మార్కెట్‌లో నేనే చూశాను, మా పక్క మండలంలో ఎప్పటి నుంచో ఉన్న చామంతికి ఇంగ్లీషు పేరు తగిలించి ట్రేల్లో పెట్టారు.

ఇక పిలకలు ఇవ్వమని అడుగుతున్న వాళ్ళకి. రాగి రంగుది ఈ ఏడుతో మూడో పంట. ఇప్పటిదాకా రంగు మారలేదు. ఈ పూత కూడా అలాగే ఉంటే వచ్చే ఎండాకాలం నాటికి పది మందికి నాలుగేసి పిలకలు ఇవ్వగలను, డబ్బులకి కాదు. బదులుగా మీ ఊళ్ళో ఉన్న పాత పెరటి చామంతి ఏదైనా రెండు పిలకలు తెచ్చివ్వాలి. ముఖ్యంగా ముద్దగా ఉండని, బొడ్డు కనిపించే గులాబీ రకం ఎవరి దగ్గరైనా ఉంటే ముందు వాళ్ళకే. నా పసుపులకి తండ్రి కావాలి. గింజ చల్లడం, రేకులు కత్తిరించడం, పుప్పొడి అద్దడం మూడూ కింద వీడియోలో విడివిడిగా చూపించాను. డిసెంబర్ పూలు గింజకి వదిలేసే వాళ్ళు ఇప్పుడే మొక్కలకి గుర్తులు కట్టుకోండి, కోతలు మొదలయ్యాక కూలీలు ఏ పువ్వునీ వదలరు.